సీఎస్ఆర్-1 నంబర్ తీసుకుని నాలుగేళ్ళు దాటింది, నా అనుభవం ఇదీ

మాది చిన్న సొసైటీ అండి, 2016లో ఏడుగురం కలిసి రిజిస్టర్ చేయించాం. సర్కారు బళ్ళో చదివే పిల్లలకి సాయంత్రం ట్యూషన్, ఒక గదిలో లైబ్రరీ, అంతే మా పని. చందాలతోనే నడిచేది. 2021 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల సీఎస్ఆర్ డబ్బు, అంటే చట్టప్రకారం వాళ్ళు సమాజం కోసం ఖర్చు పెట్టాల్సిన డబ్బు తీసుకోవాలంటే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎమ్‌సీఏ) పోర్టల్‌లో సీఎస్ఆర్-1 ఫామ్ పెట్టి నంబర్ తెచ్చుకోవాలని రూల్ వచ్చింది, మేం ఆ ఏడాది ఆగస్టులో తీసుకున్నాం.

ముందు ఫామ్ సంగతి. నిజం చెప్పాలంటే ఇందులో కష్టమైన భాగం ఇది కాదు. గవర్నమెంట్ ఫీజు లేదు. సొసైటీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పాన్, కమిటీ వాళ్ళ వివరాలు, సంతకం పెట్టేవాళ్ళ డిజిటల్ సిగ్నేచర్, ఆ పైన ప్రాక్టీసులో ఉన్న సీఏ గానీ సీఎస్ (కంపెనీ సెక్రటరీ) గానీ కాస్ట్ అకౌంటెంట్ గానీ సర్టిఫై చేయాలి. మాలాంటి సొసైటీకైతే 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకి పన్ను తగ్గింపు) రెండూ ఉండాలి, అవి లేకపోతే ముందు ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ దగ్గర ఆ పని చూసుకోండి. మాకు ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే పాన్‌లో సొసైటీ పేరు ఒకలా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంది, ఒక్క చుక్క, ఒక్క ఖాళీ తేడా, దానికే మూడు వారాలు పట్టింది. అది సరిచేశాక ఫామ్ ఎక్కించిన రోజే నంబర్ వచ్చేసింది. అంతకుముందు ఒక కన్సల్టెంట్ పదిహేను వేలు ఇస్తే "సీఎస్ఆర్ సర్టిఫికెట్" ఇప్పించి కంపెనీలతో కూడా మాట్లాడతానన్నాడు, మా సీఏ గారు నవ్వి వదిలేయమన్నారు, మంచి పని చేశారు.

నంబర్ వచ్చిన రోజు మిఠాయిలు పంచాం. ఆ తర్వాత ఏడాదిన్నర ఒక్క రూపాయి రాలేదు.

ఇది అందరికీ చెప్పాలనే రాస్తున్నా, ఆ నంబర్ ఉంటే మీరు లైన్లో నిలబడొచ్చు అంతే, ఎవరో వచ్చి డబ్బిచ్చి పోతారని కాదు. మేం పెద్ద పెద్ద కంపెనీలకి మెయిళ్ళు పెట్టుకుంటూ కూర్చున్నాం, ఒక్కరూ జవాబివ్వలేదు. అసలు లెక్క తర్వాత అర్థమైంది. నికర విలువ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) 500 కోట్లు, టర్నోవర్ 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏదో ఒకటి ముందు సంవత్సరంలో దాటిన ప్రతి కంపెనీకి సీఎస్ఆర్ వర్తిస్తుంది, గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. సగటు లాభం 5 కోట్లంటే పది లక్షలు. అంటే మన జిల్లాలో ఉన్న మామూలు ఫ్యాక్టరీ కూడా వస్తుంది కదా! చట్టం కూడా కంపెనీ ఉన్న చుట్టుపక్కల ప్రాంతానికి మొదట ప్రాధాన్యం ఇవ్వమంటుంది. పైగా ఇవ్వాల్సింది 50 లక్షలు మించకపోతే వాళ్ళకి సీఎస్ఆర్ కమిటీ కూడా అక్కర్లేదు, బోర్డే తేల్చుకోవచ్చు. చివరికి మాకు మొదటి డబ్బు ఇచ్చింది మా ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక కంపెనీయే, 2023 ఫిబ్రవరిలో.

ఫిబ్రవరిలో అన్నానా, అసలు తలనొప్పి అక్కడే మొదలైంది. కంపెనీ మాకు డబ్బు పంపినంత మాత్రాన వాళ్ళకి "ఖర్చు పెట్టినట్టు" కాదు, మేం నిజంగా పనికి వాడితేనే లెక్క. అందుకే మార్చి 31 లోపు బిల్లులతో సహా యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు దేనికి వాడామో చూపే కాగితం) కావాలని రోజూ ఫోన్లు. ఆరు వారాల్లో కంప్యూటర్లు, బెంచీలు కొనొచ్చు గానీ పిల్లలకి చదువు చెప్పడం ఆరు వారాల్లో అవుతుందా? మేం అడిగింది ఇద్దరు టీచర్ల జీతం, వాళ్ళు ఇచ్చింది పది కంప్యూటర్లు. తీసుకున్నాం, ఏం చేస్తాం.

రెండో ఏడాది ఇంకో కంపెనీ. వాళ్ళ సీఎస్ఆర్ చూసే ఆయన "అడ్మిన్ ఖర్చు 5 శాతం దాటకూడదు, కాబట్టి టీచర్ జీతాలు ఆ 5 శాతంలోనే సర్దుకోండి" అన్నారు. చాలామంది సొసైటీల వాళ్ళు ఇక్కడే తల ఊపేస్తారు, మేము కూడా దాదాపు ఊపేశాం. కానీ ఆ 5 శాతం పరిమితి కంపెనీ లోపల సీఎస్ఆర్ పనులు నడపడానికి అయ్యే ఖర్చుకి, ప్రాజెక్టు చేయడానికి నేరుగా అయ్యే ఖర్చుకి కాదు. 2021 ఆగస్టులో కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఇచ్చిన ప్రశ్నలు-జవాబుల సర్క్యులర్‌లో ఇది రాసి ఉంది. సీఏ గారు ఆ పేజీ ప్రింట్ తీసిచ్చారు, కంపెనీ ఆయన అది చదివి రెండు రోజుల తర్వాత సరే అన్నారు. జీతాలు ప్రాజెక్టు బడ్జెట్‌లోకి వచ్చాయి. ఆ పేజీ ఇప్పటికీ మా ఫైల్లో మొదటి కాగితం.

పేపర్ వర్క్ మాత్రం తగ్గదు, పెరుగుతుంది. ఏటా కమిటీ లిస్టు రిజిస్ట్రార్ దగ్గర, ఆడిట్, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్, మే 31 లోపు 10బీడీ (ఎవరెంత విరాళం ఇచ్చారో ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళకి చెప్పే ఫామ్) పెట్టి దాతలకి 10బీఈ (విరాళం సర్టిఫికెట్) ఇవ్వడం, ఇది ఆలస్యమైతే రోజుకి 200 రూపాయల ఫీజు. డిజిటల్ సిగ్నేచర్ కూడా చూసుకుంటూ ఉండాలి, మాది రెండేళ్ళకే ఎక్స్‌పైర్ అయింది, అది కూడా సరిగ్గా అవసరమైన రోజునే గుర్తొచ్చింది లెండి. కంపెనీల వాళ్ళు దర్పణ్ ఐడీ (స్వచ్ఛంద సంస్థలకి నీతి ఆయోగ్ పోర్టల్‌లో ఇచ్చే నంబర్), మూడేళ్ళ ఆడిట్ లెక్కలు, క్యాన్సిల్డ్ చెక్కు ఎలాగూ అడుగుతారు, ఒకే ఫోల్డర్‌లో స్కాన్ చేసి పెట్టుకుంటే సగం యాతన పోతుంది.

నేనైతే ఫామ్‌కి అయిదులో నాలుగు ఇస్తా, ఆ తర్వాతి తతంగానికి రెండున్నర. కొత్తగా పెట్టిన సంస్థ అయితే తొందరపడొద్దు, కంపెనీ తన సీఎస్ఆర్ పని బయటి సంస్థ ద్వారా చేయించాలంటే ఆ సంస్థకి అలాంటి పనిలో కనీసం మూడేళ్ళ అనుభవం ఉండాలని రూల్. అప్పటిదాకా చందా పుస్తకం నీట్‌గా రాసుకుని, ప్రతి ఏడాది ఆడిట్ చేయించుకోండి. ఇక కంపెనీ వాళ్ళని కలవడానికి జనవరిలో కాదు, ఏప్రిల్ మేలో వెళ్ళండి. ఈసారి మేం మే నెలలో వెళ్ళాం, జూన్‌లో ఎంఓయూ (ఒప్పంద పత్రం) అయింది, ఇద్దరు టీచర్లూ బడి తెరిచిన రోజు నుంచే వస్తున్నారు.