లాల పోసే సర్వీసు: 30 రోజులకి కట్టాం, 12 రోజులు చాలేది

మా పాప పుట్టి నిన్నటికి 45 రోజులు. ఇంటికొచ్చి పసిపిల్లకి నూనె రాసి నీళ్లు పోసి వెళ్లే సర్వీసు ఒకటి 30 రోజులకి మాట్లాడుకున్నాం. ఏ ఏజెన్సీయో రాయను, వాళ్ల దగ్గర ఇంకా నా డబ్బు కొంత ఉండిపోయింది. పైగా హైదరాబాద్‌లో ఇలాంటివి నాలుగైదింటికి ఫోన్ చేశాను, అందరూ ఇంచుమించు ఒకే ప్యాకేజీని ఒకే మాటలతో అమ్ముతున్నారు. కాబట్టి అసలు ఈ పనికి మనిషిని పెట్టుకోవాలా, పెట్టుకుంటే ఎన్నాళ్లు, ఏం చూసుకోవాలి అన్నదే రాస్తున్నాను.

మాకెందుకు అవసరం పడిందంటే, మా ఆవిడకి సిజేరియన్. అత్తయ్య తణుకు నుంచి వచ్చారు, ఆవిడ తన ఇద్దరు పిల్లల్నీ, తోడికోడళ్ల పిల్లల్నీ కాళ్ల మీద వేసుకుని లాల పోసిన మనిషే, కానీ ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, పీట మీద కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాలి. ఇక మిగిలింది నేను. 2.7 కిలోల పిల్ల, మెడ నిలవదు, తడిస్తే సబ్బుముక్కలా జారిపోతుందేమోనని చేతుల్లోకి తీసుకోవాలన్నా వణుకు. పుట్టకముందే ధైర్యంగా 1,400 పెట్టి వల ఊయల ఉన్న ప్లాస్టిక్ టబ్ ఒకటి కొన్నాను, దాని సంగతి తర్వాత చెప్తాను.

ప్యాకేజీ రోజుకి 600, ముప్పై రోజులకి 18,000, ముందే కట్టాలి. గంట సేపు: పాపకి మసాజ్, స్నానం, బట్టలు వెయ్యడం. పేరు మాత్రం పెద్దగా పెట్టారు, జాపా కేర్ అని. జాపా అనేది హిందీ వాళ్ల మాట, మనం బాలింత సేవ అనేదే. నూనె వాళ్ల దగ్గరే కొనాలి, సీసా 850. దాని మీద 13 మూలికలు అని ఉంది కానీ అవేమిటో లేదు, మూత తీస్తే ఘాటుగా ఆవనూనె వాసన. ఆవనూనె పసిచర్మానికి పడదని మా పిల్లల డాక్టర్ ముందే చెప్పారు, అందుకని అది అలాగే పక్కన పెట్టేసి మామూలు కొబ్బరినూనె వాడాం. అంటే ఆ 850 మొదటి రోజే పోయింది.

రెండో తప్పు నాది. ఆసుపత్రి నుంచి నాలుగో రోజు వచ్చాం, ఐదో రోజు నుంచే సర్వీసు మొదలుపెట్టించాను. కానీ బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడిస్తే చాలని డాక్టర్ చెప్పారు, అది ఊడింది తొమ్మిదో రోజున. ఈ ఐదు రోజులూ సర్వీసు మనిషి వచ్చి తుడిచి వెళ్లింది, పూర్తి డబ్బు. ఏజెన్సీలో ఒక్కరైనా "బొడ్డు ఊడిందా?" అని అడగలేదు. మీరు బుక్ చేస్తుంటే అడ్వాన్స్ కట్టినా సరే, మొదలుపెట్టే తేదీ మాత్రం ఖాళీగా వదిలెయ్యమనండి. బొడ్డు చాలామందికి వారం నుంచి రెండు వారాల్లోపు ఊడుతుంది, దాన్ని తొందరపెట్టకూడదు. పసుపు, బూడిద, పౌడర్, నూనె ఏదీ పెట్టకుండా ఆరనివ్వడమే. డైపర్ అంచు బొడ్డు కిందకి మడిస్తే ఒరుసుకోదు.

అన్నట్టు, ఆసుపత్రిలో పుట్టిన వెంటనే పాపకి స్నానం చేయించలేదని అత్తయ్యకి మహా కోపం. "మైల ఒంటితోనే చేతిలో పెట్టారేంటి బాబూ" అని నా మీద ఒకటే నస. పుట్టినప్పుడు ఒంటి మీద ఉండే ఆ తెల్లటి జిడ్డు పిల్లకి మంచిదే, స్నానానికి కనీసం 24 గంటలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది, వెంటనే నీళ్లు పోస్తే ఒళ్లు చల్లబడిపోతుందట. నర్సమ్మ ఇదంతా ఓపిగ్గా చెప్పింది. అత్తయ్య అంతా విని "మా రోజుల్లో పోసినవాళ్లు బతకలేదా" అన్నారు. దానికి నర్సమ్మ దగ్గర కూడా జవాబు లేదు.

ఇక వచ్చినావిడ గురించి. యాభై దాటిన మనిషి, వనపర్తి వైపు ఊరు. మేం పెద్దమ్మ అని పిలిచాం. నేను "లాల ఎన్నింటికి పోస్తారు పెద్దమ్మా" అంటే మొదట అర్థం కాలేదు, "తానమా సార్" అంది. చేతికి గాజులు లేవు, గోళ్లు కురచ, రాగానే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. ఎవరూ చెప్పకుండా ఈ ఒక్క పని చేసినందుకే నాకు సగం టెన్షన్ తగ్గింది.

పదో రోజు మొదటి అసలు స్నానం. ముందు ఫ్యాను, ఏసీ ఆపించింది, కిటికీ మూయించింది. తువ్వాలు, బట్టలు, డైపర్ అన్నీ విప్పి పరిచి పెట్టాకే పాపని ముట్టుకుంది. బకెట్‌లో ముందు చన్నీళ్లు, తర్వాత వేణ్ణీళ్లు కలిపింది. గీజర్ కుళాయి కింద నేరుగా పిల్లని పెట్టే ఆలోచన మీకెవరికైనా ఉంటే మానుకోండి, ఆ నీళ్ల వేడి ఏ క్షణంలో ఎలా మారుతుందో చెప్పలేం. మోచెయ్యి ముంచి చూసి, "గింత చాలు సార్" అంది. నేను చేప ఆకారంలో ఉండే 350 రూపాయల థర్మామీటర్ కొన్నాను కదా, ఊరుకుంటానా, వేశాను. 37 చూపించింది. మర్నాడూ వేశాను, 37. మూడో రోజు 38. తర్వాత దాన్ని బయటికి తియ్యలేదు.

చిన్న పీట మీద కూర్చుని, కాళ్లు రెండూ చాపి, పిల్లని కాళ్ల మీద వెల్లకిలా వేసుకుంది. పాప తల ఆవిడ పాదాల వైపు, రెండు కాళ్ల మధ్య ఉండే పల్లంలో తల కదలకుండా కుదిరింది. ఆ పల్లం ఏ టబ్‌లోనూ ఉండదు. ముందు తడిపిన దూది ఉండతో కళ్లు, ముక్కు వైపు నుంచి చెవి వైపుకి ఒక్కసారే, రెండో కంటికి కొత్త దూది. ముఖానికి వట్టి నీళ్లే. తర్వాత పాదాల మీద కొంచెం, పొట్ట మీద కొంచెం, పిల్లకి ముందు నీళ్ల సంగతి తెలియాలట, ఒక్కసారిగా చెంబెడు పోస్తే "జడుసుకుంటది". వేలితో విప్పి కడగాల్సినవి మడతలు: మెడ కింద, చంకలు, తొడల సందు, చెవుల వెనక. తాగిన పాలు కారి మెడ మడతలో పెరుగులా పేరుకుపోయి ఉన్నాయి, పది రోజులుగా మేమెవరం చూడనేలేదు, వాసన వస్తుంటే పాల వాసనే అనుకున్నాం. ఆడపిల్లకి ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే కడగాలి, ఇది కూడా ఆవిడే చేసి చూపించింది. ఆ తర్వాత పిల్లని బోర్లా తిప్పిన తీరు మాత్రం నేను ఎన్నిసార్లు చూసినా మాటల్లో పెట్టలేను. ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ చంక చుట్టూ, అరచెయ్యి రొమ్ము కింద, ఒక్క మెలిక, అంతే.

తల ఆఖర్న. నుదుటి మీద అరచెయ్యి చూరులా అడ్డం పెట్టి పోస్తే కంట్లోకి చుక్క పోదు. తల తడిసిన మరుక్షణం మొదట తుడిచేది తలే, ఎందుకంటే పసిపిల్లకి ఒంటి వేడి అక్కడి నుంచి బాగా పోతుంది. మొత్తం ఐదారు నిమిషాలు, అంతకు మించి ఎప్పుడూ ఉంచలేదు. చివరి చెంబు నీళ్లు పాప చుట్టూ తిప్పి పారబోస్తుంటే అత్తయ్య తలుపు దగ్గర నిలబడి "శ్రీరామరక్ష, నూరేళ్లాయుష్షు" అన్నారు. ఆ రోజు పాలు తాగి మూడున్నర గంటలు పడుకుంది. మేం ముగ్గురం ఊపిరి ఆడుతోందా లేదా అని వంతులవారీగా వెళ్లి చూసొచ్చాం.

పెద్దమ్మతో గొడవలు లేవని కాదు. మొదటి వారంలోనే నాలుగైదు పనులకి వద్దని చెప్పాల్సి వచ్చింది. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వెయ్యబోయింది, ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు, వద్దన్నాం. పాప రొమ్ములు కొంచెం ఉబ్బి ఉంటే పిండి పాలు తీసెయ్యాలంది. అది తల్లి హార్మోన్ల వల్ల వచ్చే వాపు, కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది, పిండితే చీము పట్టొచ్చు. ఇది మాత్రం గట్టిగానే చెప్పాం. తల గుండ్రంగా రావాలని వత్తడం, ముక్కు లాగడం కూడా అంతే. మాడు మీద నూనె రాస్తే ఏమీ కాదు కానీ అక్కడ ఎముక ఇంకా కలవలేదు, వత్తకూడదు. చెప్తే మొహం ముడుచుకునేది, "మా నలుగురికి నేనే చేసిన సార్" అనేది, కానీ మర్నాడు చెయ్యలేదు. అది చాలు నాకు.

సున్నిపిండి, సాంబ్రాణి విషయంలో ఎదురు పక్షంలో పెద్దమ్మతో పాటు అత్తయ్య కూడా చేరిపోయారు కాబట్టి కథ పెద్దదైంది. అత్తయ్య తణుకు నుంచి పెసలు, కస్తూరి పసుపు, బావంచాలు వేసి పట్టించిన పిండి డబ్బా తెచ్చారు. ఎంత మెత్తగా జల్లించినా అది పొడే, ఈ వయసు చర్మానికి గీరుకుంటుందని డాక్టర్ వద్దన్నారు. వారంలో రెండు మూడుసార్లు గాఢత లేని బేబీ సబ్బు, మిగతా రోజులు వట్టి నీళ్లు, అంతే. సున్నిపిండి ఇప్పుడు నేను రాసుకుంటున్నాను, బాగుంది. సాంబ్రాణి పొగ పసి ఊపిరితిత్తులకి మంచిది కాదని చెప్తే అత్తయ్య రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు. చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, సాయంత్రం పాప పడకగదిలో తలుపేసుకుని ఉన్నప్పుడు బాల్కనీలో వేస్తారు. మొదటిరోజే ఎదురింటివాళ్లు ఏం కాలుతోందని బెల్ కొట్టారు.

ఇప్పుడు ఏజెన్సీ మీద అసలు కంప్లైంట్. పదిహేడో రోజు పెద్దమ్మకి జ్వరం, బదులు ఇంకొకావిడని పంపారు. మాకు ముందు చెప్పలేదు, బెల్ కొట్టాకే తెలిసింది. చేతినిండా గాజులు, పొడవు గోళ్లు, చేతులు కడగమంటే "ఇప్పుడే కడుక్కొచ్చా" అంది. నీళ్లు పొగలు కక్కుతున్నాయి, నేను చెయ్యి పెట్టి తీసేశాను. వేడినీళ్లు చరిస్తేనే ఒళ్లు గట్టిపడుతుందట. డబ్బులు పోతే పోయాయని అక్కడే ఆపి పంపించేశాను. ఫోన్ చేస్తే ఏజెన్సీ అమ్మాయి "మా స్టాఫ్ అందరూ ట్రెయిన్డ్ సార్" అని చదివినట్టు చెప్పింది. ఆ మర్నాడు అసలు ఎవరూ రాలేదు. కాబట్టి బుక్ చేసేముందు ఒక్క ప్రశ్న అడగండి: బదులు మనిషి వస్తే ముందురోజే చెప్తారా, నచ్చకపోతే ఆ రోజు డబ్బు వాపస్ ఇస్తారా? దీనికి సూటిగా జవాబు చెప్పనివాళ్లతో నెల మొత్తానికి కట్టకండి. టైమింగ్ కూడా పెద్ద తలనొప్పి, 9 అని రాసి ఉంటే 8:40కీ రావచ్చు, 10:15కీ రావచ్చు. పిల్ల అప్పుడే పాలు తాగి ఉంటుంది, కడుపు నిండా ఉండగా మసాజ్ చేస్తే కక్కేస్తుంది. రెండుసార్లు కక్కింది కూడా.

ఎవరూ రాని ఆ రోజే నేను మొదటిసారి పోశాను. కొన్న టబ్ బయటికి తీశాను. వలలో పడుకోబెడితే పాప కాళ్లు చల్లగాలికి బయట, నడుము మాత్రం నీళ్లలో, కెవ్వున ఏడుపు. రెండు నిమిషాల్లో తీసేసి, పీట వేసుకుని, పెద్దమ్మలా కాళ్లు చాపి కూర్చున్నాను. మా ఆవిడ నీళ్లు అందించింది, అత్తయ్య కుర్చీలో కూర్చుని క్రికెట్ కామెంటరీలా "మెడ, మెడ పట్టుకో బాబూ, చంక, ఇంకో చంక" అంటూనే ఉన్నారు. పన్నెండు నిమిషాలు పట్టింది, నా లుంగీ పూర్తిగా తడిసింది, పాప ఏడవలేదు. పెద్దమ్మ తిరిగొచ్చాక నేనే పోస్తాను, పక్కన నిలబడి తప్పులు చెప్పమన్నాను. "మరి నాకెందుకు సార్ పైసలు" అని నవ్వింది కానీ ఓపిగ్గా నేర్పింది, తడి చేతికి పిల్ల జారకుండా పలచటి నూలు గుడ్డ మధ్యలో వేసుకోవడం ఆవిడ చెప్పిన చిట్కానే.

అందుకే నా లెక్క ఇది. ఇంట్లో చేతనైన పెద్దవాళ్లుంటే ఈ సర్వీసు అక్కర్లేదు. లేకపోతే బొడ్డు ఊడిన రోజు నుంచి 12 రోజులు పెట్టుకోండి, మొదటి ఐదు రోజులు చూడండి, మిగతా ఏడు రోజులు మీరు చెయ్యండి, ఆవిడ చూస్తుంది. పిల్ల 2.5 కిలోల కన్నా తక్కువుంటే, నెలలు నిండకుండా పుడితే ఏజెన్సీ మాట వినకండి, స్నానం ఎప్పుడనేది డాక్టరే చెప్పాలి. రోజూ పొయ్యాలన్న రూలు కూడా లేదు, చలిగా ఉన్న రోజు తుడిచి వదిలేసినా పిల్లకి వచ్చే నష్టం లేదు. పెద్దమ్మకి ఐదుకి ఐదు, ఏజెన్సీకి రెండు, అది కూడా పెద్దమ్మని పంపినందుకు. టబ్‌లో ఇప్పుడు పాప ఉతికిన బట్టలు పెడుతున్నాం, దానికి మాత్రం బాగా పనికొస్తోంది.

ఇక నా డబ్బు. వెనక్కి పంపేసిన రోజు, ఎవరూ రాని రోజు, రెండు రోజులకీ 1,200 రావాలి. మూడుసార్లు ఫోన్ చేశాక మొన్న మెసేజ్ పెట్టారు, వాపస్ ఇవ్వడం కుదరదట, కానీ క్రెడిట్ కింద ఉంచుతారట, తర్వాతి బేబీకి వాడుకోవచ్చట. మా ఆవిడకి ఈ మెసేజ్ ఇంకా చూపించలేదు.