అమ్మ ఉబ్బసానికి ఎనిమిది వారాల ఆక్యుపంక్చర్

మా అమ్మకు ఇరవై ఏళ్లుగా ఉబ్బసం. ఈ చలికాలంలో ఊళ్లోని ఒక ఆక్యుపంక్చర్ కేంద్రంలో ఎనిమిది వారాలు సూదులు వేయించాం. గది శుభ్రంగా ఉంది, ప్రతిసారీ కొత్త సూదులే వాడారు. ఇంటికి రాగానే అమ్మ "ఊపిరి తేలికగా ఆడుతోంది" అనేది. కానీ ఊపిరి ఎంత వేగంగా బయటకు వస్తుందో కొలిచే పీక్ ఫ్లో మీటరులో ఊదిస్తే ముల్లు ఎప్పటిలాగే 250 దగ్గర ఆగేది.

2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన చదివాక అర్థమైంది. శ్వాసనాళాలను తెరిచే అల్బ్యుటెరాల్ మందు ఉన్న ఇన్‌హేలరుతో శ్వాస సామర్థ్యం 20 శాతం పెరిగింది. సూదులు గుచ్చినట్టు నటించే ఉత్తుత్తి ఆక్యుపంక్చర్‌తో పెరిగింది 7 శాతమే, ఏ చికిత్సా లేకున్నా అంతే. అయినా రోగులు ఇన్‌హేలరుతోనూ ఉత్తుత్తి ఆక్యుపంక్చర్‌తోనూ దాదాపు ఒకే ఉపశమనం చెప్పారు. అది చిన్న అధ్యయనమే, అసలు సూదులను పరీక్షించినదీ కాదు. అయితే హాయికీ ఊపిరికీ తేడా ఉందని చూపింది.

చివరి రోజు ఆక్యుపంక్చర్ కేంద్రం వాళ్లు "ఇక ఇన్‌హేలరు మానేయండి" అన్నారు. నాకు గుండె ఝల్లుమంది. మేము మానలేదు, మళ్లీ అక్కడికి వెళ్లలేదు.