ఆరేళ్లు వాడాక: మా ఇంట్లో నిలిచినవి, అటకెక్కినవి

2019 రోహిణి కార్తెలో మా బోరు మొదటిసారి గాలి కక్కింది. మోటారు తిరుగుతోంది, పైపులో గుర్రుమని చప్పుడు వస్తోంది, ట్యాంకులోకి మాత్రం చుక్క పడటం లేదు. విజయనగరం తోటపాలెంలో మా ఇల్లు, ఇంట్లో ఆరుగురం. ఆ పది రోజులు ట్యాంకర్ వాడికి ఫోన్ చెయ్యడం, వాడు వచ్చేదాకా వీధి చివర చూస్తూ నిలబడటం, ఇదే పని. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. టెన్షన్ వస్తే నా చెయ్యి కాగితం మీదికి పోతుంది. ఆ నెల నుంచి ప్రతి ఒకటో తారీఖున కరెంటు మీటర్ రీడింగు, రోజుకి ఎన్నిసార్లు మోటారు వేశామన్న లెక్క గోడ క్యాలెండర్ మీద రాస్తూ వచ్చాను. పాత క్యాలెండర్లు పారెయ్యలేదు. కరెంటూ నీళ్లూ ఆదా చెయ్యడానికి ఇంట్లో పెట్టిన వస్తువుల మీద ఈ సమీక్ష ఆ క్యాలెండర్లు ముందేసుకుని రాస్తున్నది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. రోజూ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని చెయ్యాల్సిన పద్ధతి ఏదీ మా ఇంట్లో మూడు నెలలు దాటలేదు. ఒకసారి బిగించి మర్చిపోయేవే నిలిచాయి. మా అత్తయ్య విషయం వేరు, ఆవిడ సంగతి చివర్లో.

అన్నిటికంటే ఎక్కువ పని చేసినవి ఫ్యాన్లు. 2021 మార్చిలో నాలుగు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అంటే తక్కువ కరెంటు లాగే కొత్త రకం మోటారువి, కొన్నాం, ఒక్కోటి మూడు వేలకి కాస్త తక్కువ. మామూలు ఫ్యానుకి దాదాపు రెట్టింపు రేటని మా ఆయన షాపులోనే మొహం ముడిచారు. మామూలు ఫ్యాను 75 వాట్లు లాగుతుంది. ఇది ఫుల్ స్పీడులో 30 చిల్లర. తేడా అంతా మోటార్లో ఉంది. లోపల తిరిగే భాగంలో శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి, ఒక చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు చుట్టలకి కరెంటుని లెక్కగా అందిస్తుంది, అందువల్ల వేడిగా పోయేది తక్కువ. రాత్రంతా తిరిగిన పాత ఫ్యాను ఆపి మధ్యలో గిన్నె మీద చెయ్యి పెట్టి చూడండి, చుర్రుమంటుంది. ఆ వేడికి కూడా మనం బిల్లు కడుతున్నాం.

మా ఇంట్లో రెండు ఫ్యాన్లు రోజుకి పధ్నాలుగు గంటలు, మిగతా రెండు ఆరు గంటలు తిరుగుతాయి. ఒక్కో ఫ్యానుకి 45 వాట్ల తేడా చొప్పున రోజుకి 1.8 యూనిట్లు, నెలకి 54. ఇది కాగితం మీద లెక్క. క్యాలెండర్లో 2020 మే నెలా, 2021 మే నెలా పక్కపక్కన పెడితే 280 కాస్తా 231 అయింది. కాగితానికీ ఇంటికీ ఆ మాత్రం తేడా ఉంటుంది, ఆ ఏడాది పిల్లలు ఇంట్లోనే ఉండి టీవీ ఎక్కువ చూశారు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మిగిలిన యూనిట్లని సగటు రేటుతో గుణించి "ఓస్, ఇంతేనా" అంటారు. 2022 ఏప్రిల్‌లో మార్చిన ఇళ్ల కరెంటు ఛార్జీల స్లాబుల్లో మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6, అక్కణ్ణుంచి 400 దాకా 8.75. మనం ఆదా చేసే యూనిట్లు పోయేది పై మెట్టు నుంచి, కింది మెట్టు నుంచి కాదు. అంటే వేసవిలో మాకు మిగిలిన ప్రతి యూనిట్టూ 8.75 రూపాయల యూనిట్టే. చలికాలంలో మా వాడకం ఎలాగూ 150 లోపే, అప్పుడు అదే యూనిట్టు ఆరు రూపాయలది. ఫ్యాన్లకి పెట్టిన అదనపు డబ్బు రెండో వేసవి ముగిసేసరికి తిరిగొచ్చేసింది. నెలకి 75 యూనిట్లు దాటని ఇంటివాళ్లు మాత్రం తొందరపడక్కర్లేదు, పాతది కాలిపోయినప్పుడు చూసుకోవచ్చు.

బిల్లు కంటే నాకు ఎక్కువ నచ్చింది ఇన్వర్టర్ మీద వాటి నడక. ఈ జిల్లాల వాళ్లకి అక్టోబర్ అంటే దసరా ఎంతో తుఫానూ అంతే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇన్వర్టర్ ఆ సాయంత్రానికే కీచుమని ఆగిపోయింది, తర్వాత ఎన్నో రాత్రులు విసనకర్రలే. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటిన రాత్రి అదే కెపాసిటీ బ్యాటరీ, రెండు కొత్త ఫ్యాన్లు, రెండు బల్బులు. తెల్లారి చూస్తే బ్యాటరీ ఇంకా సగం మీదే ఉంది. మర్నాడు సాయంత్రం కరెంటు వచ్చేదాకా లాగింది.

లోపాలు లేవని కాదు. మూడో ఏడు పిడుగుల వానలో హాల్లో ఫ్యాను బోర్డు పోయింది. మా వీధి మెకానిక్ పాత ఫ్యాన్లకి కళ్లు మూసుకుని వైండింగు కట్టేస్తాడు, కెపాసిటర్ ఐదు నిమిషాల్లో మార్చేస్తాడు. దీన్ని విప్పి చూసి "ఇది ఫోను రిపేరు లాంటిదండీ, మన వల్ల కాదు" అనేశాడు. కంపెనీ వాళ్ల బోర్డు రావడానికి మూడు వారాలు పట్టింది, అప్పటికి వారంటీ ముగిసి నెలే అయింది. రిమోట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. నాలుగు ఫ్యాన్లకి నాలుగు రిమోట్లు, వాటిలో ఎప్పుడూ రెండు కనబడవు. గోడ మీది పాత రెగ్యులేటర్‌తో దీన్ని నడపకూడదు, తీయించేసి నేరుగా కలపాలి. మాకు బిగించినవాడు ఆ మాట చెప్పలేదు, వారం రోజులు ఫ్యాను మూలిగింది. మూలుగు ఆగాక అత్తయ్యకి వేరే అనుమానం పట్టుకుంది. చప్పుడు లేకపోయేసరికి కింద కూర్చుని పైకి చూస్తూ, "ఇది తిరుగుతున్నాదా నేదా?" అని రోజుకోసారి అడిగేది.

బల్బుల గురించి రాయడానికేం లేదు, అందరిళ్లలోనూ ఎల్‌ఈడీలే. మా పుట్టిల్లు రాజాం దగ్గర. అప్పట్లో అది శ్రీకాకుళం జిల్లా, 2022 జిల్లాల మార్పుతో విజయనగరంలో కలిసింది. పాత బల్బు ఇస్తే పది రూపాయలకి ఎల్‌ఈడీ ఇచ్చిన రోజుల్లో నాన్న తెచ్చినది ఒకటి అక్కడి పెరటి గుమ్మం మీద ఇంకా వెలుగుతోంది.

సోలార్ వాటర్ హీటర్ కొని తప్పు చేశాను. గాజు గొట్టాలది, వంద లీటర్లది, 2019 చలికాలంలో డాబా మీద పెట్టించాం. వస్తువు మంచిదే, ఎండ కాస్తే నీళ్లు మరుగుతాయి. కానీ మన ఊళ్లో వేడినీళ్లు కావలసింది కార్తీకం నుంచి మాఘం దాకా. మిగతా ఎనిమిది నెలలూ అది ఎవరికోసం కాగాలి? మేలో ఆ నీళ్లు చల్లార్చడానికి మళ్లీ బకెట్ల కొద్దీ చన్నీళ్లు. పైగా మాది ఉప్పునీళ్ల బోరు, రెండేళ్లకి లోపల సున్నం కట్టి నీళ్లు సన్నగా రావడం మొదలైంది. నాలుగో ఏడు కోతులు రెండు గొట్టాలు పగలగొట్టాయి. పాత గీజరు 2 కిలోవాట్లది, ఇరవై నిమిషాలు వేస్తే యూనిట్టులో మూడింట రెండొంతులు. చలి ఉండే నాలుగు నెలలకి లెక్క వేస్తే ఈ హీటర్ ఖర్చు నా జీవితకాలంలో తిరిగొచ్చేలా లేదు. అరకులో ఇల్లుంటే కొనండి.

ఇక నీళ్లు. కుళాయి మూతికి బిగించే జాలీ, ఏరేటర్ అంటారు, వందా నూట యాభైకి దొరుకుతుంది. నీటిలోకి గాలి కలిపి ధారని మెత్తగా చేస్తుంది. వంటింటి సింకు దగ్గర కొలిచాను. జాలీ లేకుండా నిమిషానికి పన్నెండు లీటర్లు, పెట్టాక నాలుగు. గిన్నెలు కడిగేటప్పుడు ధార అలా పారుతూనే ఉంటుంది కాబట్టి అక్కడ ఆదా నిజం. ఆ ఊపులో స్నానాల గదిలోనూ బిగించాను, అది నా తెలివితక్కువ. మేం బకెట్ స్నానం వాళ్లం. బకెట్ పట్టేది పద్దెనిమిది లీటర్లే, నిమిషంన్నరలో నిండేది నాలుగున్నర నిమిషాలకి నిండుతుంది, అంతే తేడా. బడికి టైమైపోయిన మా చిన్నాడు రెండో రోజే దాన్ని పీకేశాడు. నీళ్లు పారే చోట జాలీ పెట్టాలి, పట్టుకునే చోట కాదు. సింకు జాలీని కూడా రెండు నెలలకోసారి విప్పి నిమ్మరసంలో నానబెట్టకపోతే ఉప్పు పేరుకుని మూసుకుపోతుంది.

ఫ్లష్ ట్యాంకులో నీళ్ల సీసా పెడితే వాడినప్పుడల్లా లీటరు మిగులుతుందని వీడియోల్లో చెప్తారు. పెట్టాం. రెండో నెలలో సీసా ఒరిగి వాల్వుకి అడ్డంపడింది, మూత సరిగ్గా కూర్చోలేదు, రాత్రంతా సన్నగా కారి తెల్లారేసరికి పై ట్యాంకు ఖాళీ. రెండు నెలల్లో మిగిల్చిందంతా ఒక్క రాత్రిలో పోయింది. దానివల్ల ఒక లాభం మాత్రం కలిగింది, కారుతుందో లేదో చూసే పద్ధతి దొరికింది. పడుకునే ముందు ఫ్లష్ ట్యాంకులో చిటికెడు పసుపు కలిపి వదిలెయ్యండి. ఎవరూ వాడకుండానే అరగంటలో కింద కమోడ్‌లో పసుపు రంగు కనబడితే వాల్వు కారుతున్నట్టే. చుట్టుపక్కల మూడిళ్లలో చేసి చూపించాను, రెండిళ్లలో పచ్చబడింది.

మోటారు ఆపడం మర్చిపోవడం మా ఇంటి పాత జబ్బు. ఒక హెచ్‌పీ మోటారు ఇరవై నిమిషాలు ఎక్కువ తిరిగితే పోయే కరెంటు పావు యూనిట్టే, కానీ డాబా మీంచి పోయే నీళ్లు వందల లీటర్లు. మొదట లైట్లు, కూతలు ఉన్న ఆటోమేటిక్ కంట్రోలర్ పెట్టించాం. దాని కడ్డీలు మా ఉప్పునీళ్లకి ఎనిమిది నెలల్లో తుప్పు పట్టి, నీళ్లు లేకపోయినా నిండాయని చెప్పడం మొదలుపెట్టాయి. దాన్ని పీకి తేలే బుడ్డి ఉన్న మామూలు ఫ్లోట్ స్విచ్ వేయించాం. నాలుగేళ్లయింది, దాని మొహం మళ్లీ చూడలేదు.

ఇంకుడు గుంత 2019 జూన్‌లోనే తవ్వించాం, ఆరడుగుల లోతు, అడుగున పెద్ద రాళ్లు, పైన చిన్న కంకర, ఆ పైన ఇసుక. లెక్క తేలిక. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. మా డాబా వంద చదరపు మీటర్లు, ఈ జిల్లాలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైనే పడుతుంది. పొర్లిపోయేదీ ఆవిరయ్యేదీ తీసేసినా ఎనభై వేల లీటర్లు. అదంతా ఇదివరకు మురుక్కాలవ పాలే. గుంత తవ్వాక బోరు మళ్లీ గాలి కక్కలేదు. ఇది గుంత ఘనతే అంటే లెక్కల టీచరుగా ఒప్పుకోను. తర్వాతి ఏళ్లలో వానలు బాగా పడ్డాయి, మా వీధిలో మరో నలుగురు కూడా గుంతలు తవ్వారు, భూమిలో నీటికి ఇంటింటికీ గోడలు ఉండవు కదా. ఇది బిగించి మర్చిపోయే వస్తువు కాదని మూడో ఏడు తెలిసింది. ఇసుక మీద ఆకులు, దుమ్ము పేరుకుని వాన నీళ్లు గుంతలోకి దిగక వాకిట్లో నిలబడిపోయాయి. అప్పటినుంచి ప్రతి ఏడూ మృగశిర ముందు పైపొర ఇసుక తీసి కడిగిస్తున్నాం. ఏడాదికి ఒకసారే కాబట్టి సాగుతోంది.

ఏసీ 26 దగ్గర పెట్టి ఫ్యాను వేసుకుంటాం. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెప్పేది మా బిల్లులోనూ కనబడింది.

డాబా మీద సోలార్ పలకలు నేను పెట్టించలేదు, పక్కింటి మూడంతస్తుల నీడ మధ్యాహ్నం నుంచీ మా మీదే. శ్రీకాకుళంలో మా తమ్ముడు సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లవి పెట్టించాడు, 78 వేలు సబ్సిడీ వచ్చింది. ఎండ ఉన్న రోజు పన్నెండు యూనిట్ల దాకా వస్తున్నాయి. కానీ వీధిలో కరెంటు పోతే వాడింట్లోనూ పోతుంది, మిట్టమధ్యాహ్నమైనా సరే. లైన్ మీద పనిచేసేవాడికి షాక్ కొట్టకుండా సోలార్ పలకల ఇన్వర్టర్ దానంతటది ఆగిపోతుంది. బ్యాటరీ లేని సిస్టమ్ అంతా ఇంతే. అమ్మినవాళ్లు ఆ ముక్క చెప్పలేదు, తుఫానుకి పనికొస్తుందనే వాడు కొన్నాడు. మా మరదలిది సోంపేట. ఆవిడ మాత్రం, "ఏదైతేనేం వదినా, మా బీల నేల జోలికి రాని కరెంటు" అంది. 2010 జూలైలో థర్మల్ కేంద్రం వద్దని ఆ బీల, అంటే చిత్తడి, భూముల్లో నిలబడ్డవాళ్ల మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. వాళ్లకి యూనిట్టు ధర స్లాబుల్లో తేలదు.

అత్తయ్య గజపతినగరం వైపు పల్లెలో పెరిగింది. పెరట్లో సిమెంటు గోలెం ఒకటి ఆవిడ రాజ్యం. బియ్యం కడుగు, కూరలు కడిగిన నీళ్లు, వాషింగ్ మెషిన్ చివరి జాడింపు నీళ్లు అన్నీ అందులోకే. అక్కణ్ణుంచి అరటికి, మునక్కి, వాకిలి కడగడానికి. నేను గొప్పకి ఆర్‌ఓ మెషిన్ వదిలేసే నీళ్లు కూడా అందులో కలిపాను. లీటరు మంచినీళ్లకి మూడు లీటర్లు వదిలేస్తుంది, ఉప్పంతా వాటిలోనే. నెల తిరక్కుండా కరివేపాకు అంచులు మాడాయి, నాకు చీవాట్లు పడ్డాయి. ఇప్పుడవి గచ్చు తుడవడానికే. సిరిమాను పండగకి పన్నెండు మంది చుట్టాలు దిగిన వారంలో కూడా ఆ గోలెం పుణ్యమాని మోటారు రోజుకి ఒక్కసారే అదనంగా వేశాం. నేను మూడు నెలల్లో వదిలేసిన పనులు ఆవిడ డెబ్బై దాటినా ఎలా చేస్తోందో అడిగాను. "నూతి నుంచి నాలుగు బిందెలు తెచ్చీసి చూడు, నీకే తెలుస్తాది" అంది.

మార్కులు వెయ్యకుండా ఉండలేను. ఫ్యాన్లకి ఐదుకి నాలుగు, కోసిన ఒకటి ఆ బోర్డుకి. ఫ్లోట్ స్విచ్‌కి ఐదు. సింకు జాలీకి నాలుగు, ఇంకుడు గుంతకి నాలుగున్నర, హీటర్‌కి ఒకటిన్నర, సీసాకి సున్నా. గోలేనికి ఎంత వెయ్యమంటారని అడిగితే అత్తయ్య నా క్యాలెండర్ వంక చూసింది.

"మార్కులు తర్వాత ఇద్దువు గానీ, నేడు శుక్రవారం. దోమలు గుడ్లెట్టీకముందే నీళ్లు పారబోసి గోలెం కడిగీ."