మేస్త్రీ పని సగంలో వదిలేస్తే ఏది మేలు: ఆగడమా, మార్చేయడమా, కేసు వేయడమా?

ఇంటి రిపేరు పెట్టుకున్నవాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడుగుతున్న ప్రశ్న ఇది. మేస్త్రీ అడ్వాన్సు తీసుకున్నాడు, కొన్నాళ్ళు మనుషుల్ని పంపాడు, పగలగొట్టాల్సినదంతా పగలగొట్టాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడు, ఎత్తితే "రేపు పొద్దున్నే దిగిపోతామమ్మా" అంటాడు. నేనుండేది విజయనగరం. శ్రీకాకుళంలో మా అక్కవాళ్ళ డాబా పని కూడా ఈమధ్య ఇలాగే ఆగిపోయింది, అందుకని ఇద్దరం కూర్చుని అన్ని దారులూ చూశాం.

ముందు ఒక్క మాట. సగంలో ఆపేసిన ప్రతి మేస్త్రీ మోసగాడు కాదు. ఒకే పని ఒప్పుకుంటే అది అయిపోయాక మళ్ళీ పని దొరికేదాకా ఖాళీగా ఉండాలి, అందుకని రెండు మూడు ఇళ్ళు ఒకేసారి ఒప్పుకుంటాడు. అతని దగ్గర చేసే కుర్రాళ్ళు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఎక్కువ కూలి వస్తుందంటే వెళ్ళిపోతారు, వాళ్ళను ఆపడం అతని చేతిలో లేదు. ఇవన్నీ నిజమే. కానీ ఇవి ఎంత నిజమైనా మన డాబా మీద చిప్పింగ్ కొట్టిన గచ్చు అలాగే పడి ఉంటుంది.

ఆగాలా వద్దా అన్నదానికి నా దృష్టిలో అతని మంచితనం, మన ఓపిక రెండూ లెక్కలోకి రావు. ముందు చూడాల్సింది ఒక్కటే, ఇప్పటిదాకా మనం ఇచ్చిన డబ్బు ఎక్కువా, జరిగిన పని ఎక్కువా.

ఉదాహరణకి లేబర్ కాంట్రాక్టు 80,000 రూపాయలకి మాట్లాడుకున్నారనుకుందాం. ఈరోజు కొంత, పండగకని కొంత, కుర్రాళ్ళకి ఇవ్వాలని కొంత అడగగా అడగగా 50,000 ఇచ్చేశారు. టేపు పెట్టి కొలిస్తే జరిగిన పని 30,000 విలువ చేస్తుంది. అంటే అతను ఇంకా 50,000 పని చెయ్యాలి, చేతికొచ్చేది మాత్రం 30,000. అదే సమయంలో పక్క వీధిలో కొత్త ఇంటివాళ్ళు అడ్వాన్సు ఇస్తామంటున్నారు. ఎక్కడికి వెళ్తాడు? మీరు రోజూ ఫోన్ చేసినా, కోపగించినా, కాఫీ పోసినా ఈ లెక్క మారదు. బతిమాలడం పని చెయ్యనిది అందుకే.

లెక్క తిరగబడి ఉంటే, అంటే 30,000 ఇచ్చి 50,000 పని జరిగి ఉంటే, ఆగండి. అతనికి రావాల్సింది మీ దగ్గర ఉంది కాబట్టి తప్పకుండా వస్తాడు. ఫలానా తేదీలోపు రాకపోతే కొలతలు వేసి తేల్చేసుకుందామని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టి ఊరుకోండి, చాలు.

కాబట్టి గొడవ పడకముందే కొలవండి. గోడ ప్లాస్టరింగ్, గచ్చు, టైల్స్ చదరపు అడుగుల్లో, స్కర్టింగ్, పైపులు అడుగుల్లో. వీలైతే అతని ఎదురుగానే, లేదంటే తాపీ పని తెలిసిన ఇంకొకరిని పక్కన పెట్టుకుని కొలవాలి. మొత్తం ఒకే రేటుకి మాట్లాడుకున్నవాళ్ళకి ఇది కొంచెం కష్టం, అప్పుడు పనిని ముక్కలుగా విడగొట్టి ఒక్కోదానికి ఊళ్ళో నడుస్తున్న రేటు వేసుకోవాలి. ఫోటోలు తియ్యండి. గోడలో పూడ్చబోయే కరెంటు పైపులైతే మూసేయకముందే తియ్యండి, తర్వాత వచ్చేవాడికి అవి ఎక్కడున్నాయో తెలియాలి.

మా అక్క విషయంలో కొలిస్తే అతని దగ్గరే మన డబ్బు ఉండిపోయిందని తేలింది. ఆమెకి మనసొప్పలేదు, తెలిసిన మనిషి కదా, ఇంకొన్నాళ్ళు చూద్దామంది. నేను వద్దన్నదానికి ఇంకో కారణం కూడా ఉంది, అది మన వాతావరణం. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న వచ్చింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర. మన రెండు జిల్లాల్లో డాబా పని చేయించుకునేవాళ్ళు దసరాకి ముందే పైకప్పు మూసేయాలి, గచ్చు తీసేసిన శ్లాబు మీద తుపాను వాన పడితే రాడ్ల దాకా నీళ్ళు దిగి పాత లీకు కంటే పెద్ద లీకు తయారవుతుంది. ఇంట్లో పేర్చుకున్న సిమెంటు బస్తాలు కూడా చూసుకోవాలి. ఈ సముద్రపు తేమలో నెలల తరబడి ఉంచితే బలం తగ్గిపోతుంది, గడ్డలు కట్టిన బస్తా ఇక తాపీ పనికి పనికిరాదు. లోపలి గోడల పనైతే ఆగినా పెద్ద నష్టం లేదు, డాబాకి మాత్రం ఆ వెసులుబాటు లేదు.

మరి మార్చేయడంలో కష్టం లేదా అంటే, ఉంది. కొత్త మేస్త్రీ వచ్చి చూసి మొదట అనే మాట "ఇంకొకరు చేసినదానికి నాది పూచీ కాదు" అని. అతన్ని తప్పు పట్టలేం. టైల్స్ అయితే ఒక గది పాతవాడు, ఇంకో గది కొత్తవాడు వేసినా ఇబ్బంది లేదు, టైల్స్ ఒకే బ్యాచ్‌వి ఉంటే చాలు. వాటర్‌ప్రూఫింగ్ అలా కుదరదు. వాన నీళ్ళు జారిపోయేలా వాటం కట్టింది ఒకరు, పైన కోటింగ్ వేసింది ఇంకొకరు అయితే రేపు కారినప్పుడు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. అందుకని అక్కవాళ్ళు వాటం కూడా తీయించి మొదటినుంచీ కొత్త మేస్త్రీ చేతే చేయిస్తున్నారు. ఖర్చు పెరిగింది, అయినా అదే సరైన పని.

పాత మేస్త్రీనే ఉంచుకుని కాంట్రాక్టు రద్దు చేసి, రోజు కూలి మీద శనివారం శనివారం ఇస్తూ చేయించుకునే పద్ధతి కూడా ఉంది. ముందు వెళ్ళిపోయిన డబ్బు పోయిందనుకోవడానికి సిద్ధపడితేనే ఇది నడుస్తుంది, పైగా ఎవరో ఒకరు ఇంట్లో ఉండి పని చూసుకోవాలి. మనిషి పనిమంతుడైతే నేను కాదనను.

ఇక కేసు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఇంటి నిర్మాణం కూడా సేవ కిందకే వస్తుంది, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, గడువు 2 సంవత్సరాలు. ముందు సలహా కావాలంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. కానీ నోటిమాట ఒప్పందాల్లో రుజువు కష్టం. ఫోన్‌పే చెల్లింపులు, వాట్సాప్ మెసేజీలు, కొలతల కాగితం, ఫోటోలు దాచుకున్నవాళ్ళే గట్టిగా నిలబడగలరు. నాకైతే దానికంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టి లోక్ అదాలత్‌లో తేల్చుకోవడం నచ్చుతుంది. అక్కడ ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెడితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. ఒప్పుకోకపోతే మాత్రం మళ్ళీ కమిషనే దారి. ఏదైనా సరే, కేసు వేసి పని ఆపుకుని కూర్చోవద్దు. ఫోటోలు, కొలతలు భద్రం చేసుకున్నాక కొత్తవాళ్ళతో పని మొదలుపెట్టండి, కేసు దాని దారిన అది నడుస్తుంది.

పోలీస్ స్టేషన్‌కి వెళ్తే, సగం పని జరిగిన చోట ఇది సివిల్ వ్యవహారం అనే అంటారు. మేస్త్రీని కుదిర్చిన పెద్దమనిషిని ఒకసారి అడిగి చూడటంలో తప్పు లేదు, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

అక్కవాళ్ళు చివరికి పాత మేస్త్రీని పిలిపించి, కొలతల కాగితం మీద ఇంకే లెక్కా లేదని ఇద్దరూ సంతకాలు పెట్టుకుని వదిలేశారు. అతని దగ్గర ఉండిపోయిన మొత్తం కోసం తిరగడం కంటే అక్టోబరు లోపు డాబా పూర్తవడం ముఖ్యమనుకున్నారు. కొత్త మేస్త్రీకి అడ్వాన్సు చాలా తక్కువ, ఒక్కో దశ అయ్యాక దాని డబ్బు దానికే. ఆఖరి వాయిదా మాత్రం డాబా మీద నీళ్ళు కట్టి రెండు రోజులు ఉంచి, కింద గదిలో చెమ్మ రాలేదని చూశాకే ఇస్తామన్నారు, అతను ఒప్పుకున్నాడు.