హంగర్ గేమ్స్: నాలుగోసారి చదివాక

సుజాన్ కాలిన్స్ 2008లో తెచ్చిన ‘ది హంగర్ గేమ్స్’ నవలని ఒకసారి చదివితే వేట, చావులు గుర్తుంటాయి. మళ్లీ మళ్లీ చదివితే లెక్కలు గుర్తుంటాయి. కథానాయిక, 16 ఏళ్ల కాట్నిస్‌కి ప్రేమించడం కంటే బాకీలు గుర్తుపెట్టుకోవడమే బాగా తెలుసు. ఆ సంగతి పట్టుకుంటే ఇందులోని ప్రేమకథ రుచి తెలుస్తుంది.

అందుకే మొదటి అధ్యాయాన్ని తొందరగా తిప్పేయకండి. దేశాన్నేలే కాపిటల్ నగరం ఏటా ఒక్కో జిల్లా నుంచి ఇద్దరు పిల్లల్ని లాటరీ తీసి, ఒక్కరే మిగిలేదాకా చంపుకునే ఆటలోకి దింపి టీవీలో చూపిస్తుంది. ఆ లాటరీలో 12వ ఏట ఒక చీటీ పడుతుంది, ఏటా ఒకటి చొప్పున పెరుగుతుంది. అదనంగా ఒక చీటీ వేయించుకుంటే ఒక మనిషికి ఏడాది పాటు చాలీచాలని ధాన్యం, నూనె ఇస్తారు. కాట్నిస్ తనకీ అమ్మకీ చెల్లికీ కలిపి ఏటా మూడు వేయించుకుంది. ఏడాదికి నాలుగు చొప్పున ఐదేళ్లకి 20. ఆమె స్నేహితుడు గేల్‌కి 42. చెల్లి ప్రిమ్‌ది ఒక్కటే చీటీ, తీసినప్పుడు వచ్చింది అదే. చెల్లికి బదులు కాట్నిస్ వెళ్తుంది. 24 మంది పిల్లల పోరు మొదలయ్యేది 11వ అధ్యాయంలో. యుద్ధం ఎప్పుడా అని అక్కడిదాకా పేజీలు దాటేస్తే, ఆకలి ఆ పిల్లనెలా మలిచిందో అందదు.

ఆమె లోపాలు పైపై మెరుగులు కావు. చెల్లి తెచ్చిన పిల్లిని బకెట్లో ముంచబోయింది. భర్త పోయిన దుఃఖంలో మంచం పట్టిన తల్లిని క్షమించలేదు. అడవిలో ఒకమ్మాయిని కాపిటల్ వాళ్లు పట్టుకుపోతుంటే దాక్కుని చూసింది. తర్వాత నాలుక కోసేసిన అదే అమ్మాయి తనకు సేవ చేయడానికొస్తే కాట్నిస్‌కి మొహం చెల్లదు. ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా గుచ్చుకునేది ఆ ఘట్టమే.

ఇక బరిలోని గుహ. తన జిల్లా నుంచే వచ్చిన, గాయపడ్డ పీటాకి ఆమె ముద్దు పెట్టగానే పైనుంచి పారాచూట్‌లో వేడి సూప్ గిన్నె దిగుతుంది. ఆట చూసేవాళ్ల డబ్బుతో దాన్ని పంపిన ఆమె శిక్షకుడు హేమిచ్ మనసులో మాట ఆమెకి ఇట్టే అర్థమవుతుంది: ఒక ముద్దుకి ఒక గిన్నె. అయితే చిన్నప్పుడు ఇదే పీటా రొట్టెలు కావాలని మాడ్చి, తల్లి చేత దెబ్బ తిని, ఆకలితో ఉన్న ఆమెకి విసిరాడు. ఆ బాకీ ఇంకా తీరలేదు. అందుకే ఏ ముద్దు నటనో, ఏది నిజమో ఆమెకే తెలియదు. కథంతా ఆమె నోటనే, వర్తమానకాలంలో సాగుతుంది కాబట్టి ఆమెకి కనబడనిది మనకీ నేరుగా కనబడదు. చాలామంది విసుక్కునేది ఇక్కడే. పీటా మాటల్ని విడిగా, ఆమె వ్యాఖ్యానం పక్కనపెట్టి చదివితే విసుగు పోతుంది.

లోపాలూ ఉన్నాయి. గుహ భాగం కాస్త సాగింది. ధనిక జిల్లాల పోటీదారులు చాలావరకు క్రూరత్వానికి బొమ్మల్లా మిగిలిపోయారు. చివర్లో వచ్చే మృగాలు అతిగా అనిపిస్తాయి. ముక్కోణపు ప్రేమ కోసం వచ్చినవాళ్లకి ఈ మొదటి పుస్తకంలో గేల్ దాదాపు దొరకడు.

ఇంగ్లిష్ మాత్రం తేలిక, వాక్యాలు పొట్టివి. 27 అధ్యాయాల్లో చాలావాటి చివర ఒక కుదుపు ఉంటుంది కాబట్టి రాత్రి మొదలుపెడితే ఆపడం కష్టం. చివరి అధ్యాయం మాత్రం తీరిగ్గా చదవండి. ఇంటికి తిరుగుదారిలో, రైలు ఆగినచోట, నువ్వు చేసిందంతా ఆట కోసమేనా అని పీటా అడుగుతాడు. అంతా కాదు అంటుంది. మరి ఎంత అంటే, అన్ని లెక్కలూ వచ్చిన ఆ పిల్లకి ఆ ఒక్క లెక్కా తేలదు.