పర్లాకిమిడి నుంచి రంభ దాకా బైకుల మీద: ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగక్కర్లేదు

దక్షిణ ఒడిశాలో ఇటు వచ్చే బైక్ గ్యాంగులు చాలావరకు సముద్రం ఒడ్డున గోపాల్‌పూర్‌లో రెండు రాత్రులు బుక్ చేసుకుని, కొండల్ని దారిలో అలా చూసుకుంటూ పోదాంలే అనుకుంటారు. నా మాట వింటే దాన్ని తిరగేయండి. రాత్రులు కొండల్లో పెట్టుకోండి, సముద్రానికి పగలు చాలు. మొన్న చలికాలంలో మావాళ్ళందరితో పర్లాకిమిడి నుంచి రంభ దాకా వెళ్ళొచ్చాక ఈ సంగతి ఇంకా గట్టిగా చెప్పగలను.

పర్లాకిమిడిలో లాడ్జీలు మామూలువే. గది కంటే ముందు బైకులు గేటు లోపల పెట్టుకునే చోటుందా అని అడగండి. భాషతో ఇబ్బంది లేదు, గిడుగు రామ్మూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు, బజారులో తెలుగులో పలకరిస్తే తెలుగులోనే జవాబొస్తుంది. ట్యాంకు మాత్రం ఇక్కడే ఫుల్ చేయించుకోండి. టైము ఉంటే కొమ్ముతో చేసిన బొమ్మలు చూడండి, ఇక్కడి పనివాళ్ళ చేతి నైపుణ్యానికి ఎంత పేరొచ్చినా తక్కువే.

మహేంద్రగిరికి తెల్లారగట్లే బయల్దేరాలి. 1,501 మీటర్ల కొండ, ఒడిశాలో బాగా ఎత్తైన కొండల్లో ఇదొకటి. కొయిన్‌పూర్ దాటాక ఎక్కుడు మొదలవుతుంది, మలుపులు ఇరుకు, మా గుంపులో ఒక పాత హండ్రెడ్ సీసీ బండి మొదటి గేరులో కూడా మూలుగుతుంటే వెనక కూర్చున్నవాణ్ణి దింపి నడిపించాం. పైన భీముడి గుడి చిన్నదే. కానీ దగ్గరకెళ్ళి ఆ రాళ్ళు చూడండి, ఒక్కోటి ఎంత బండో, వాటిని అంత ఎత్తున ఎలా పేర్చారో అని చాలాసేపు అక్కడే నిలబడిపోయాం. పరశురాముడు తపస్సు చేసిన చోటని ఇక్కడివాళ్ళ నమ్మకం, అందుకే శివరాత్రికి జనం విరగబడతారు. బండి మీద వెళ్ళేవాళ్ళు ఆ రోజుల్లో వద్దు. పైన బస, భోజనం దొరుకుతాయని నమ్ముకోవద్దు, నీళ్ళు, తిండి మోసుకెళ్ళి చీకటి పడకముందే దిగిపోండి.

ట్రిప్పు మొత్తంలో నాకు బాగా నచ్చిన రోడ్డు ఆర్.ఉదయగిరి నుంచి మోహన వైపు వెళ్ళేది. దారి పొడుగునా కొండలు, సవర గిరిజనుల ఊళ్ళు, మధ్యలో ఒక్కసారిగా కనిపించే మొక్కజొన్న చేలు. మోహన దగ్గర మావాడి బండికి క్లచ్ వైరు తెగింది. రోడ్డు పక్క షెడ్డులో ఉన్న కుర్రాడు పాత వైరు లాగేసి, కొత్తదాన్ని వేళ్ళతో నూనె పట్టిస్తూ ఎక్కించి, లివర్ పది సార్లు నొక్కి చూసుకుని మరీ ఇచ్చాడు. వైరు డబ్బులకు మించి ఏదో నామమాత్రంగా తీసుకున్నాడు. ఇలాంటి మనుషులు ఉన్నారు కాబట్టే ఈ దారిలో టెన్షన్ లేదు. అయినా స్పేర్ వైర్లు, పంక్చర్ కిట్టు మీ దగ్గరుంటే మంచిది.

చంద్రగిరిలో తప్పకుండా ఒక రాత్రి ఉండండి. 1960ల్లో వచ్చి స్థిరపడిన టిబెటన్ల ఊళ్ళు ఇవి, 2010లో దలైలామా ప్రారంభించిన పద్మసంభవ మహావిహారం జిరంగ్‌లో ఉంది. గెస్ట్‌హౌసు గది సాదాగా ఉంటుంది, దుప్పట్లు శుభ్రం, చలికి వేడి వేడి థుక్పా, అంటే టిబెటన్ల నూడుల్స్ సూపు. హారన్లు కొట్టకుండా, సైలెన్సర్ గోల లేకుండా విహారం లోపలికి వెళ్ళండి, ముఖ్యంగా పొద్దున్న ప్రార్థన వేళ, అది అక్కడి భిక్షువుల ఇల్లు. అక్కడి నుంచి తప్తపాణి దగ్గరే. గంధకం వాసన కొట్టే వేడినీటి బుగ్గ, ప్రభుత్వ టూరిస్టు బస పాంథనివాస్‌లో కొన్ని గదుల తొట్టెల్లోకి ఆ నీళ్ళే వస్తాయి. నడుములు పట్టేసిన వాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి! ఆ గదులు ముందే బుక్ చేసుకోండి.

బరంపురంలో అప్పడాలు, పచ్చళ్ళు కొనుక్కుని గోపాల్‌పూర్ చేరాం. బీచ్ అందమైనదే, లైట్‌హౌసు, పాత ఓడరేవు గోడలు చూడాలి, రంగూన్ ఓడలెక్కి మనవాళ్ళెందరో వెళ్ళింది ఇక్కడి నుంచే. పడవలు లాగే నోలియా జాలరులు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, దిగొద్దని వాళ్ళు చెప్తే దిగకండి, ఇక్కడ అలల లాగుడు ప్రమాదం. హోటల్ సంగతికొస్తే మేము దిగినచోట ఫోనులో ఒక రేటు చెప్పి, కౌంటరు దగ్గర ఇంకో రేటు అన్నారు, పైగా రాత్రంతా నీళ్ళు సరిగా రాలేదు. ఆ డబ్బుతో తప్తపాణిలో ఇంకో రాత్రి హాయిగా ఉండొచ్చు.

రంభలో చిలికా సరస్సు బోటుకి ముందే రేటు, ఎంతసేపు తిప్పుతారో మాట్లాడుకోండి, లైఫ్ జాకెట్ ఇవ్వని బోటు ఎక్కకండి. చలికాలంలో పక్షుల కోసం పొద్దున్నే వెళ్ళండి. మధ్యాహ్నం పీతల కూర, అన్నం తిని ఇచ్ఛాపురం వైపు 16వ నంబరు హైవే పట్టుకోవచ్చు. ఆ రోడ్డు మీద లారీలు ఎక్కువ, గుంపు విడిపోకుండా, అలవాటున్నవాణ్ణి చివర ఉంచి, చీకటి పడే లోపే నడపండి.