నల్ల కవరుని సెన్సార్ షీట్ అని అంటగట్టారు, మీరూ చూసుకోండి

మాది పర్లాకిమిడి. రాత్రిపూట మంచం దిగేటప్పుడు మా అమ్మ రెండుసార్లు తూలి పడింది. పరుపు కింద ప్రెషర్ సెన్సార్ పెట్టి, ఆవిడ లేవగానే మా గదిలో బజర్ మోగేలా చేస్తానంది ప్లస్ టూ చదివే మా అమ్మాయి. ఆర్డూయినో బోర్డు (కోడ్ రాసి నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డు) ఇంట్లో ఉంది. సెన్సార్‌కి కావలసిన వెలోస్టాట్ అనే నల్ల ప్లాస్టిక్ షీటే బరంపురంలో కూడా దొరక్క ఆన్‌లైన్‌లో తెప్పించాం. షిప్పింగుతో కలిపి 540 రూపాయలు.

వచ్చింది నల్లగానే ఉంది, పల్చగానే ఉంది. ముక్క కత్తిరించి, రెండు వైపులా అల్యూమినియం ఫాయిల్ పెట్టి, 10 కిలో ఓమ్‌ల రెసిస్టరుతో కలిపాం. రీడింగ్ సున్నా. అరచేత్తో నొక్కినా సున్నా, అమ్మ పడుకున్నా సున్నా. తప్పు మాదేననుకుని రెండు సాయంత్రాలు వైర్లు మారుస్తూ కూర్చున్నాం. పాపం, పిల్ల కోడ్ అంతా మళ్ళీ రాసింది.

చివరికి టీవీ రిపేరు చేసే ఆయన మీటర్ పెట్టి చూసి, "ఇది చెత్త కవరు బాబూ" అన్నాడు.

అసలు వెలోస్టాట్‌ ఎలక్ట్రానిక్ పార్టులు స్టాటిక్‌కి పాడవకుండా చుట్టే ప్యాకింగ్ సరుకు. ప్లాస్టిక్‌లోనే కార్బన్ బాగా దట్టించి ఉంటుంది కాబట్టి కాస్త కరెంటు పారుతుంది, నొక్కితే రెసిస్టెన్స్ (కరెంటుకి అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు) తగ్గుతుంది. మామూలు నల్ల కవర్లోనూ కార్బనే వేస్తారు, కాకపోతే రంగుకి సరిపడా చిటికెడు. దాంతో కరెంటు పారదు. అందుకే కంటితో చూసి పోల్చుకోలేం.

షీటు చేతికి రాగానే కత్తెర పట్టకండి. కింద ఒక రూపాయి బిళ్ళ, పైన ఒకటి పెట్టి, మల్టీమీటర్ తీగలు చెరోదానికీ తాకించి, పైనుంచి నొక్కండి. బిళ్ళలు ఒకదానికొకటి తగలకూడదు. నొక్కేకొద్దీ ఓమ్‌లు పడిపోతే సరుకు మంచిదే. పెద్ద రేంజిలో కూడా మీటర్ అసలు కదలకపోతే అప్పుడే వీడియో తీసి వాపసు పెట్టండి. మేం కత్తిరించేశాం కనుక వాపసు తీసుకునేది లేదన్నారు. చెప్పింది ఒకటి, పంపింది ఒకటి అయితే వాపసు తీసుకోనని అమ్మేవాడు అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. అందుకే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను.

ఇంకోటి, ఆ ప్రకటనలో "గ్రాముల్లో కచ్చితమైన బరువు చూపిస్తుంది" అని ఉంది. అక్కడే అనుమానం రావాల్సింది నాకు. అసలు షీటుతో కూడా అది కాని పని. బరువు కదలకపోయినా గంట గడిస్తే రీడింగ్ మారిపోతుంది. మనిషి ఉన్నాడా లేడా అన్నంతవరకే నమ్మొచ్చు.

ఐసీలు (ఎలక్ట్రానిక్ చిప్పులు) గుచ్చి ఉంచే నల్ల స్పాంజి ముక్క ఒకటి ఆ రిపేరాయనే ఊరికే ఇచ్చాడు. అందులోనూ కరెంటు పారుతుందట. షీటు బదులు దాన్ని పెడితే ఇప్పుడు ఆర్డూయినో రీడింగ్ ఖాళీ మంచానికి 90 దగ్గర, అమ్మ పడుకుంటే 600 పైన చూపిస్తోంది. నిన్న రాత్రి రెండు గంటలకి బజర్ మోగింది.